ఎర్ర బెండ్లు

నడుస్తోంది, ఇంకా నడుస్తూనే ఉంది, తెర మీది పచ్చగీత వెంట్రుకవాసి జరిగిందో లేక నా కళ్ళే జరిగాయో తెలీదు, ముందుకు వంగి చూస్తే గీత జల్దీ కదులుతుందన్నట్టు వంగి కూర్చున్నాను, మెడనొప్పి తప్ప ఇంకే లాభమూ లేదు. ఒంటిగంటకి జోగారావు గారు పైకి వస్తారు. మేడ్చల్‌లో ఈ విత్తనాల కంపెనీ ఆయనది, ఈ పూట తీర్పు కూడా ఆయనదే. అప్పటికి ఈ ఫైలంతా చదివి ఏ సంచుల్లో మగ గింజ కలిసిందో చెప్పగలిగితే ఆ సంచులు మాత్రం పోతాయి, మిగతా మక్కజొన్న విత్తనం బతుకుతుంది. చెప్పలేకపోతే గోడౌన్‌లో ఉన్నదంతా గోతిలోకి పోతుంది, దాని వెనకాలే కంకులు ఏరే మేస్త్రీ బాలనర్సమ్మ గుంపు గేటు బయటికి పోతుంది, వచ్చే పంటకి వేరే మేస్త్రీ, వేరే ఊరి ఆడవాళ్ళు. కిటికీలోంచి చూస్తే వాళ్ళు కింద రేకుల షెడ్డులో కూర్చుని కనిపిస్తున్నారు. ఇవాళ పని ఆపేశారు కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతులు ఊరికే ఉండటం నా చిన్నప్పటి నుంచి చూడలేదు.

బెండ్లు నా టేబుల్ మీదే ఉన్నాయి, కీబోర్డు పక్కన, గుప్పెడు, ఎర్రటివి. గింజ ఒలిచాక కంకిలో మిగిలేది బెండు. మేం పండించే రకంలో ఆడ వరుసల కంకికి బెండు తెల్లగా ఉంటుంది, మగ వరుసల కంకికి ఎర్రగా ఉంటుంది. చేలో రెండూ పక్కపక్కనే వేస్తారు, మగ చెట్ల పుప్పొడి ఆడ చెట్ల మీద పడితే ఆడ కంకుల్లో విత్తనం కడుతుంది, ఆ విత్తనం రైతుకి పోవాలి, మగ కంకులు శామీర్‌పేట కోళ్ళఫారాలకి మేతగా పోవాలి. యార్డులో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఎండుతుంటాయి. ఎండాకాలం మధ్యలో గాలివాన వచ్చిన ఆ సాయంత్రం రేకులు లేచిపోతుంటే, కంకి తడిస్తే బూజు పట్టి ఏదీ మిగలదని ఈ ఆడవాళ్ళు రెండు కుప్పల్నీ ఈడ్చి ఒకే టార్పాలిన్ కిందికి నెట్టారు. కాపాడాలన్న ఆత్రమే, ఇంకేం లేదు. తెల్లారి కూర్చుని మళ్ళీ వేరు చేశారు, మగ కంకి పొట్టిగా ఉంటుంది, గింజ గుండ్రంగా ఎర్రడాలు కొడుతుంది, కంటికి తెలుస్తుంది, అంతా ఏరేశామనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. తర్వాత ఒలిచారు, జల్లించారు, గులాబీ రంగు మందు పట్టించారు, అది పట్టాక ఏ గింజ ఏదో దేవుడు కూడా చెప్పలేడు. ఖాళీ బెండ్లు మాత్రం ఆడవాళ్ళు పొయ్యిలోకని మూటకట్టుకుని తీసుకెళ్తారు, ఇక్కడ మొదటి నుంచీ ఉన్న అలవాటు. అలియాబాద్‌లో తన ఇంటి పొయ్యి ముందు బాలనర్సమ్మ మూట విప్పితే తెల్లవాటి మధ్యలోంచి ఇవి బయటపడ్డాయి.

పొయ్యి మండుతూనే ఉంది. లోపలికి తోసేస్తే అయిపోయేది. నాకు అదే తిరుగుతోంది తలలో, తోసేస్తే అయిపోయేది, అన్నం ఉడికేది, బూడిదకి రంగు ఉండదు. తోయలేదు. కొంగున కట్టుకుని, నిన్న పొద్దున్నే బస్సెక్కి, ఎప్పుడూ ఎక్కని మెట్లెక్కి, చెప్పులు తలుపు బయట విడిచి, ఏసీ గదిలో చలికి భుజాలు దగ్గరికి తీసుకుని, కొంగు ముడి విప్పి నా టేబుల్ మీద పోసింది. "గివి మా పొయ్యి మూటల వచ్చినయి బిడ్డా. మగ కంకులయి. గింజలు ఏ సంచులకు వోయినయో నాకు ఎర్కలే. సారుకు నువ్వే చెప్పు" అంది. ఎవరి తప్పు అని నేను అడగలేదు, తను చెప్పలేదు. అలవాటు లేని కుర్చీలో అంచు మీద కూర్చుని నీళ్ళు తాగింది, గ్లాసు మళ్ళీ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. నేను ఆ గ్లాసు అందుకున్నాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవలేదు కానీ వచ్చింది మాత్రం నిజం.

జోగారావు గారు చెడ్డమనిషి కాదు, ఆ మాట కూడా అనుకోవాలి. ఆయన అరవలేదు. కృష్ణా జిల్లా రైతు కొడుకు, తూంకుంటలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని ఇంటి ముందు పూలకుండీల్లో కూడా వంగా బెండా పెట్టుకునే మనిషి. బెండుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, కలిసిన విత్తనం వేసిన రైతు చేను ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా అన్నారు, ఒకటి నిలువెత్తు, ఒకటి మోకాలెత్తు, కంకులు సగం వట్టివి, అది తెలిసేసరికి అదును దాటిపోతుంది, వాడి ఏడాది పోతుంది. అనుమానం ఉన్న సరుకు అమ్మనన్నారు. మొత్తం పారబోస్తే భాగస్తులు ఊరుకోరని, గుంపుని మార్చక తప్పదని కూడా అన్నారు, ఆ మాట అంటూ నా వైపు కాక గోడ వైపు చూశారు. మందు పట్టకముందు కెమెరా తీసిన బొమ్మలున్నాయి సార్, ప్రతి గింజదీ ఉంది, చదవనివ్వండి, అన్నాను. అంత పెద్ద ఫైలు ఎప్పటికి చదువుతావన్నారు. కొత్త పద్ధతిలో చదివిస్తానన్నాను. గోడ గడియారం చూసి, ఇవాళ ఒంటిగంట దాకా ఆగుతానన్నారు. ఆగినందుకు ఆయనకి నా మనసులో ఒక దండం పెట్టుకున్నాను, పైకి మాత్రం సరే సార్ అన్నాను అంతే.

గీత సగం దాటింది. దాటిందా? దాటింది. మందు పట్టకముందు గింజ బెల్టు మీద నడిచేటప్పుడు పైనున్న కెమెరా బొమ్మ తీస్తుంది, బొమ్మ పక్కనే అది చేరబోయే సంచి నంబరు రాస్తుంది, పంట మొత్తం గింజలూ ఒకే ఫైల్లో ఒకదాని వెనక ఒకటి. ఏ కంప్యూటరూ ఒక్క గుక్కలో మింగలేదు. నేను రాకముందు ఇక్కడున్న ప్రోగ్రాం పనిని పదిమందికి పంచేది కానీ అందరికీ ఒకే పలక, ఎవరు లెక్క రాయాలన్నా ఆ పలక దగ్గరికే రావాలి, ఒకడు రాస్తుంటే మిగతావాళ్ళు నిలబడాలి, నిలబడి నిలబడి ఒకడి కోసం ఇంకొకడు, వాడి కోసం వీడు, చివరికి అందరూ బిగుసుకుపోయేవాళ్ళు, తెర కదిలేది కాదు. ఇప్పుడున్నది యాక్టర్ పద్ధతి. అమ్మకి ఈ మాట చెప్తే, నీ దగ్గర యాక్టర్లు పని చేస్తాండ్రా, ఎవలెవలు అని అడిగి ఊరంతా నవ్వించింది. యాక్టర్ అంటే ప్రోగ్రాంలో ఒక పనివాడు, అంతే. ఒక్కొక్కడికి ఒక పెట్టె. పని ఆ పెట్టెలోకి వస్తుంది, ఒకటి తీసుకుంటాడు, పూర్తి చేస్తాడు, ఇంకోటి తీసుకుంటాడు. ఎవడి పలక వాడిది, పక్కవాడి పలక ముట్టుకోడు, తొంగి చూడడు. చెప్పాల్సింది ఉంటే చీటీ పంపుతాడు. ఫైలుని ముక్కలు చేసి అందరి పెట్టెల్లో ఒకేసారి కుమ్మరిస్తే పెట్టెలు నిండి మెషీన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది కాబట్టి, చేతిది అయిపోయింది ఇంకోటి ఇవ్వు అని అడిగినవాడికే ఇవ్వడం. ముక్క కోసేటప్పుడు కత్తికి గింజ ఎక్కడ మొదలైందో తెలీదు, ఒక్కోసారి గింజ బొమ్మ మధ్యకి తెగుతుంది, తల ఒకడి దగ్గర, తోక ఇంకొకడి దగ్గర. అందుకో కట్టుబాటు, తల ఎవరికి దొరికితే వాడే హద్దు దాటి ముందుకెళ్ళి ఆ గింజ పూర్తి చేయాలి, తల లేని తోక దొరికినవాడు దాన్ని వదిలేయాలి. ఏ గింజా రెండుసార్లు లెక్కలోకి రాదు, ఏదీ జారిపోదు.

అల్వాల్‌లో కోచింగ్ సెంటర్లో మా సారు బోర్డు మీద డబ్బాలూ బాణాలూ గీసి ఇది మొదటిసారి చెప్పినప్పుడు క్లాసులో సగంమంది బుర్ర గోక్కున్నారు. నాకేమో ఎక్కడో చూసినట్టు అనిపించింది, ఎక్కడా అని ఆలోచిస్తూ లోకల్ ట్రైన్‌లో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది, ఈ రేకుల షెడ్డే. బడి లేని రోజుల్లో అమ్మ వెంట వచ్చి ఆమె వెనక గోనె మీద కూర్చునేదాన్ని. ఒక్కొక్కరి ముందు ఒక కుప్ప. ఎవరి కుప్ప వాళ్ళు ఏరాలి, పక్కామె కుప్పలో చెయ్యి పెట్టకూడదు, పెడితే కొట్లాటే, ఆ కొట్లాటలు మస్తు రసవత్తరంగా ఉండేవి. కుప్ప అయిపోయినామె గట్టిగా కేకేసేది, తట్ట తెచ్చి పోసేవాళ్ళు, అడగకుండా పోస్తే తట్ట తెచ్చినవాడి పని అయిపోయేది. నోళ్ళు ఎటు పోయినా చేతులు మాత్రం తమ కుప్ప దాటేవి కావు. సారు గీసిన డబ్బాలకి నేను మనసులో చీరలు కట్టాను, ఒక్కసారికే అర్థమైపోయింది.

కానీ అమ్మ కుప్ప సంగతి ఏ సారూ చెప్పలేదు. నేను డిగ్రీలో ఉండగా అమ్మకి టీబీ వచ్చింది. అమ్మ పేరు యాదవ్వ, ఆ ఏడాది మంచంలో చాప మీద చాపలా అంటుకుపోయింది. నాయిన గండయ్య శామీర్‌పేట చెరువులో చేపలకి పోయేవాడు, చెరువులో నీళ్ళు అడుగంటాయి, వల తడవని రోజులే ఎక్కువ. యార్డులో పద్ధతేమిటంటే కుప్ప ముందు మనిషి లేకపోతే పేరు కొట్టేస్తారు, ఆ చోట్లో కొత్తామెని కూర్చోబెడతారు. ఇగ చదువు బంద్ అనుకున్నాను, అమ్మ చోట్లో నేను కూర్చుంటానని చెప్పడానికి వచ్చాను. వచ్చి చూస్తే అమ్మ కుప్ప ముందు పక్క కుప్ప దుర్గమ్మ ఉంది. తనది అయిపోయాక వచ్చి కూర్చుందట. కాసేపటికి తను లేచింది, ఇంకొకామె కూర్చుంది. ఆమె లేచింది, బాలనర్సమ్మ కూర్చుంది. తల ఎత్తకుండానే నాతో అంది. "కుప్ప ఖాళీగుంటే పేరు వోతది, పేరు వోతే మనిషి వోతది. మేం సూస్కుంటం. నువ్వు కాలేజికి పో." అమ్మ లేచి తిరిగే దాకా ఆ కుప్ప ఒక్క పూట కూడా ఖాళీగా లేదు, ఆ కుప్ప కూలి మా ఇంటికే వచ్చేది. నేను కాలేజీకే పోయాను. ఇప్పుడు అమ్మ బర్రెని తోలుకుని చెరువు గట్టు మీద నన్నే తిట్టుకుంటూ తిరుగుతుంది, ఇంటికి లేటుగా వస్తానని. ఆ తిట్లు వింటూ అన్నం తినడం నాకు ఎంత ఇష్టమో అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ఎరుపు. తెర మీద ఎర్రటి వరుస. ఒక పనివాడు పడిపోయాడు. పడతాడని తెలుసు, పడితే ఏం చేయాలో రాసిపెట్టే ఉంచాను, అయినా మళ్ళీ తెర మీదికి వంగాను. వీళ్ళ మీద ఒక పెద్ద ఉంటుంది, తను గింజలు ఏరదు, ఎవరు పడ్డారో చూడటమే తన పని, పడ్డవాడిని పక్కకి లాగి ఆ పెట్టె ముందు కొత్తగా ఇంకొకడిని కూర్చోబెడుతుంది, మిగతావాళ్ళకి ఆ సంగతే తెలీదు, వాళ్ళ పని ఆగదు. ఆ పెద్దకి ప్రోగ్రాంలో ఏదో ఒక పేరు పెట్టాలి కదా, నర్సమ్మ అని పెట్టాను. పక్క టేబుల్ వెంకటసాయి ఒకసారి నా వెనక నిలబడి చదివి, ఇదేంటండీ దీప గారూ, ప్రపంచమంతా ఇంగ్లీషులో పెడుతుంటే మీది అలియాబాద్ కంపెనీలా ఉందే అని ఆటపట్టించాడు. పట్టించనీ. తెర మీద ఇప్పుడు అదే కనిపిస్తోంది, నర్సమ్మ మళ్ళీ కూర్చోబెట్టింది, అదే ముక్క, మళ్ళీ పడ్డాడు. మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ పడ్డాడు. ముక్కలోనే లోపం, ఆ గింజల బొమ్మలు తీసేటప్పుడు కరెంటు పోయి చెడి ఉంటాయి. అలాంటప్పుడు ముక్కని పక్కన పెట్టి మనిషిని ముందుకు పంపమని రాశాను. పక్కన పెట్టింది. పచ్చగీత కదిలింది. ఆ ముక్కలోని సంచుల్ని ఇక ఎవరూ మంచివని చెప్పలేరు కాబట్టి వాటినీ పారబోసే వరుసలో వేయాల్సిందే, పాపం మంచి గింజ కూడా కొంత పోతుంది, పోనీ, తెలియని సంచి రైతుకి పోవడం కన్నా నయం.

వెంకటసాయి చాయ్ తెచ్చి బెండ్లకి తగలకుండా కాస్త ఎడంగా పెట్టాడు. పొద్దున్న నుంచి తన మెషీన్ మీద పనంతా ఆపి దాన్ని కూడా నాకే ఇచ్చేశాడు, సగంమంది పనివాళ్ళు అక్కడ కూర్చునే ఏరుతున్నారు. యాక్టర్లకి ఒకే గదిలో ఉండాలనేం లేదు, చీటీ అందితే చాలు. నిన్న మంచి గింజల్లో తెలిసి తెలిసి కొన్ని మగ గింజలు కలిపి ఆ బొమ్మలు పెట్టి పరీక్షించి చూసినప్పుడు కూడా పక్కనే ఉండి గింజగింజకీ సరిచూశాడు, ఒక్కటీ తప్పిపోలేదు. అదే ధైర్యం నాకు. అయినా భయమేమిటంటే వాన రాకముందు ఏరిన సంచులు కొన్ని కరీంనగర్ దారిన వెళ్ళిపోయాయి, గింజలు వాన రోజే కలిశాయి, అంతకుముందు కాదు అని బెండ్లు చెప్పవు కదా, ఆ సంచుల గింజలూ ఈ ఫైల్లోనే ఉన్నాయి. అందులో ఒక్క మగ గింజ కనిపించినా ఎవరిదో చేను చెడినట్టే. నేను దాని గురించి ఆలోచించకుండా ఉండాలని చాయ్ గురించి ఆలోచిస్తున్నాను. చక్కెర ఎక్కువైంది. మంచి మనిషి, చక్కెర మాత్రం చేతికి ఎంత వస్తే అంత వేస్తాడు.

జోగారావు గారు ఎప్పుడొచ్చారో తెలీదు. వెనక నిలబడ్డారు, కుర్చీ జరిపితే వద్దన్నారు. ఇద్దరం తెర వైపే చూశాం, ముగ్గురం, వెంకటసాయి కూడా. పనివాళ్ళు ఒక్కొక్కరే చివరి చీటీ పంపుతున్నారు, నా పని అయింది, నా పనీ అయింది, లెక్కలన్నీ ఒక్కచోటికి చేరుతున్నాయి, చేరినకొద్దీ సంచుల వరుస తెర మీద పరుచుకుంటోంది, తెల్ల గడి అంటే శుభ్రం, ఎర్ర గడి అంటే కలిసింది. మొదట్లో తెలుపు. వెళ్ళిపోయిన లారీల దాకా తెలుపు, ఒక్క మచ్చ లేదు, నేను ఊపిరి పీల్చుకున్నది అక్కడే. తర్వాత వాన మర్నాటి సంచులు, ఎరుపు, చిన్న గుత్తి, దాని పక్కన ఆ చెడ్డ ముక్క సంచులు, ఆ తర్వాత మళ్ళీ తెలుపు, తెలుపు, చివరిదాకా తెలుపు. ఎర్రవన్నీ గోడౌన్‌లోనే ఉన్నాయి. ఇంత పెద్ద పంటలో చెడింది ఆ మూల మాత్రమే. జోగారావు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మొదటి నుంచి ఇంకోసారి చూశారు. తొందరపడలేదు. "ఈ మూలది తీయించేసి మిగతాదంతా లోడ్ చేయించమ్మా" అన్నారు. తలుపు దాకా వెళ్ళి ఆగారు. "ఆవిడ గుంపే ఉంటుందని చెప్పు. ఈ పంటకే కాదు, ఉన్నన్నాళ్ళూ. అటువంటి మనిషిని పోగొట్టుకుంటే నాకన్నా తెలివితక్కువవాడు ఉండడు." తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

నేను మెట్లు దిగుతున్నాను, చెప్పులు వేసుకోవడం మర్చిపోయాను, కాళ్ళ కింద సిమెంటు భగ్గుమంటోంది, మే నెల ఎండ, అయినా వెనక్కి పోబుద్ధి కాలేదు, దారి పొడవునా మాటలు కూర్చుకుంటున్నాను, ముందు పని సంగతి చెప్పాలి, ఉంటారు పెద్దమ్మా మీరంతా ఉంటారు అని, ఆ తర్వాత మిగతాది. షెడ్డులోకి వెళ్ళేసరికి ఆడవాళ్ళ మధ్యలో అన్నం గిన్నెలు మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం దాటినా ఎవ్వరూ ఒక్క మూత తీయలేదు. నన్ను చూసి అందరూ లేచారు, దుర్గమ్మ లేవబోయి స్తంభం పట్టుకుని అక్కడే ఆగింది. బాలనర్సమ్మ నా మొహం వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"ఎవ్వలకన్న పోయినయా బిడ్డా గవి?"

ఉద్యోగం గురించి కాదు. పంట గురించి కాదు, గేటు గురించి కాదు. ఆ గింజలు ఏ రైతు చేతికైనా చేరాయా అని. పొద్దున్నుంచి మెతుకు ముట్టని కడుపుతో ఈ మనిషి కూర్చున్నది దాని కోసమట.

"ఒక్కటి గూడ పోలే పెద్దమ్మా. అన్ని గోడౌన్లనే ఉన్నయి" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ మొహం మీదికి తెచ్చుకుని కిందికి దువ్వుకుంది, గోనె మీద కూలబడినట్టు కూర్చుంది. పని సంగతి, సారు అన్న మాట అప్పుడు చెప్పాను, వింటూ తల ఊపింది, సంతోషపడిందనే అనుకుంటున్నాను, కానీ అప్పటికే తన గిన్నె దగ్గరికి లాక్కుంటోంది. "ఇగ తినుండ్రి" అంది అందరితో. మూతలు తెరుచుకున్నాయి, పచ్చిపులుసు వాసన, వేయించిన మిరపకాయల వాసన, ఒకరి కూర ఒకరి గిన్నెలోకి వెళ్తోంది. దుర్గమ్మ జరిగి చోటు చూపించింది. మూతలో అన్నం పెట్టి నాకు అందించింది, నేను కింద కూర్చుని తిన్నాను.